అతిశీతల ధ్రువ అణువాయువుల క్వాంటం ప్రవర్తన: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ రసాయన చర్యలు మందగిస్తాయని, పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర అవి దాదాపు నిలిచిపోవాలని సంప్రదాయ రసాయనశాస్త్రం భావిస్తుంది. పొటాషియం–రుబీడియం అణువుల వాయువుపై 2008 నుంచి జరిగిన ప్రయోగాలు ఈ భావనకు పరిమితి ఉందని నిరూపించాయి. కెల్విన్‌లో కోట్ల వంతుకు చేరిన శీతలస్థితిలోనూ అణువులు చర్య జరుపుతాయి. ఆ చర్య వేగాన్ని అక్కడ వేడిమి నిర్ణయించదు, క్వాంటం నియమాలు నిర్ణయిస్తాయి. ధ్రువ అణువుల స్వభావం, వాటిని చల్లబరిచే పద్ధతులు, అభిఘాతాల వల్ల వాయువు నశించిపోవడమనే సమస్య, 2022–2024 మధ్య దానికి లభించిన పరిష్కారం అనే అంశాలను ఈ వ్యాసం క్రమంగా వివరిస్తుంది. వీటిని తెలుగులో చెప్పేటప్పుడు ఎదురయ్యే కొన్ని పారిభాషిక సమస్యలను కూడా సందర్భానుసారం చర్చిస్తుంది.

కీలకపదాలు: ధ్రువ అణువు, ద్విధ్రువ భ్రామకం, అతిశీతల వాయువు, బోసాన్, ఫెర్మియాన్, క్వాంటం అభిఘాతం, మైక్రోవేవ్ కవచం, పరిభాష.

1. ఉపోద్ఘాతం:

మనిషి చుట్టూ ఉన్న గాలిలోని అణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో సంచరిస్తుంటాయి. ఆ సంచారపు సగటు శక్తికి కొలమానమే ఉష్ణోగ్రత. గది ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్‌లు. ఉష్ణోగ్రతకు అడుగు హద్దు 0 కెల్విన్, అంటే మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్. ఈ హద్దును ఏ పదార్థమూ పూర్తిగా చేరలేదు కానీ, దానికి ఎంత చేరువగానైనా వెళ్లవచ్చు. ప్రస్తుత చర్చలో వచ్చే ఉష్ణోగ్రతలు నానోకెల్విన్‌లలో ఉంటాయి. ఒక నానోకెల్విన్ అంటే కెల్విన్‌లో నూరు కోట్లవ వంతు.

ఇంతటి చల్లదనంలో ఏ పదార్థమైనా ఘనీభవించాలి కదా అన్న ప్రశ్న సహజం. నిజానికి ఈ వాయువులకు సహజమైన తుదిస్థితి ఘనరూపమే. కానీ ప్రయోగశాలలో వీటిని గాలి కంటే కోటి రెట్లకు పైగా పలుచగా, ఘన సెంటీమీటరుకు సుమారు లక్ష కోట్ల అణువులు ఉండేటట్లు, శూన్యపాత్రలో లేజర్ కాంతితో నిలిపి ఉంచుతారు. అణువులు ఒకదానికొకటి అంత దూరంలో ఉండటం వల్ల అనేకం ఒకేచోట కలుసుకొని స్ఫటికంగా మారే అవకాశం అరుదు. కొద్ది సెకన్లపాటు అవి వాయువుగానే ఉంటాయి. పరిశోధకులకు కావలసింది ఆ కొద్ది సెకన్లే.

2. పరిభాష – ఒక స్పష్టీకరణ:

తెలుగు పాఠ్యపుస్తకాలలో మూలకపు అతిచిన్న కణం ‘పరమాణువు’, పరమాణువుల కలయిక ‘అణువు’. వ్యవహారంలో మాత్రం ‘అణుబాంబు’, ‘అణువిద్యుత్తు’ వంటి మాటలలో అణువు అన్న పదం పరమాణు కేంద్రకానికి సంబంధించిన అర్థంలో స్థిరపడిపోయింది. ఇతర సందర్భాలలో ఈ తేడా పెద్దగా బాధించదు. ఈ అంశంలో మాత్రం వాదమంతా దీనిపైనే ఆధారపడి ఉంటుంది. పరమాణువులను చల్లబరచడం 1995 నాటికే సాధ్యమైన పని. అణువులను చల్లబరచి అదే స్థితికి తేవడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. రెండు పదాలనూ కలిపి వాడితే ఈ చరిత్రే అర్థం కాదు. కాబట్టి ఇక్కడ పాఠ్యపుస్తక సంప్రదాయాన్నే పాటించడం జరిగింది.

వైశేషిక దర్శనంలో రెండు పరమాణువుల కలయికను ‘ద్వ్యణుకం’ అంటారు. ఆ తాత్త్విక భావనకూ ఆధునిక రసాయనశాస్త్రానికీ నేరుగా సంబంధం లేదు. అయినా రెండు పరమాణువుల కూడికకు ప్రత్యేకమైన పేరు మన శాస్త్రసంప్రదాయంలో ఉందని గుర్తించవచ్చు. ఈ వ్యాసంలో ప్రస్తావించే అణువులలో చాలావరకు ఇలా రెండేసి పరమాణువులతో ఏర్పడినవే.

3. ధ్రువ అణువు – స్వభావం:

రెండు భిన్న మూలకాల పరమాణువులు కలిసినప్పుడు ఎలక్ట్రాన్లు ఇద్దరికీ సమానంగా పంచబడవు. ఒకవైపు కొంచెం ఋణావేశం, మరోవైపు కొంచెం ధనావేశం మిగులుతాయి. ఇటువంటి అణువును ధ్రువ అణువు అంటారు. ఆవేశాల ఎడబాటుకు కొలత ద్విధ్రువ భ్రామకం, దాని ప్రమాణం డిబై. నీటి అణువు ద్విధ్రువ భ్రామకం సుమారు 1.85 డిబైలు. పొటాషియం–రుబీడియం అణువుకు ఇది సుమారు 0.57, సోడియం–పొటాషియం అణువుకు సుమారు 2.7, సోడియం–సీజియం అణువుకు సుమారు 4.7 డిబైలు.

తటస్థ పరమాణువులు సాధారణంగా దాదాపు తాకేంత దగ్గరికి వస్తేనే ఒకదానినొకటి గుర్తిస్తాయి. వాటి మధ్య ఆకర్షణశక్తి దూరం ఆరవ ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. ద్విధ్రువాల మధ్య శక్తి దూరం మూడవ ఘాతానికి విలోమంగా మాత్రమే తగ్గుతుంది కాబట్టి అది చాలా దూరం వ్యాపిస్తుంది. అంతేగాక దానికి దిశాభేదం ఉంది. రెండు ద్విధ్రువాలు రైలుపెట్టెల్లా ఒకదాని వెనుక ఒకటి నిలిస్తే ఆకర్షించుకుంటాయి. ఒకే దిశకు ముఖంపెట్టి పక్కపక్కన నిలిస్తే వికర్షించుకుంటాయి. ఈ రెండు గుణాలూ తరువాత వచ్చే ప్రతి ప్రయోగానికీ ఆధారాలు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం ఉంది. సంస్కృతంలో ‘ధ్రువ’ శబ్దానికి స్థిరమైనది, కదలనిది అని అర్థం. కానీ భూస్థాయిలో ఉన్న ధ్రువ అణువుకు స్థిరమైన దిశ ఏదీ ఉండదు. అతితక్కువ భ్రమణశక్తి గల స్థితిలో అణువు అన్ని దిశలకూ సమాన సంభావ్యతతో చూస్తుంటుంది. బయటి నుంచి కొలిస్తే దాని సగటు ద్విధ్రువ భ్రామకం సున్నా. విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగించినప్పుడు భూస్థాయితో తరువాతి భ్రమణస్థాయి కలగలిసి, అణువుకు ఒక దిశ ఏర్పడుతుంది. అంటే ధ్రువత్వం అణువులో అంతర్గతంగా ఉన్నా, దానిని వెలికితెచ్చేది బాహ్యక్షేత్రమే. ప్రయోగకర్త చేతిలోని మీటతో అణువుల మధ్య శక్తిని పెంచడానికీ తగ్గించడానికీ వీలు కలగడం ఇందువల్లనే.

4. క్వాంటం ప్రవర్తన ఎప్పుడు మొదలవుతుంది?

ప్రతి కణానికీ తరంగస్వభావం ఉందని లూయీ డి బ్రోయీ 1924లో ప్రతిపాదించాడు. కణం నెమ్మదించేకొద్దీ దాని తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో పొటాషియం–రుబీడియం అణువు తరంగదైర్ఘ్యం నానోమీటరులో సుమారు నూరవ వంతు, అంటే పరమాణువు పరిమాణం కంటే తక్కువ. అక్కడ అణువును ఒక చిన్న గోళీగా భావించినా లెక్క తప్పదు. అదే అణువును 100 నానోకెల్విన్‌లకు చల్లబరిస్తే తరంగదైర్ఘ్యం దాదాపు 55 వేల రెట్లు పెరిగి అర మైక్రోమీటరుకు చేరుతుంది. ఘన సెంటీమీటరుకు లక్ష కోట్ల అణువులున్న వాయువులో ఇరుగుపొరుగు అణువుల సగటు దూరం సుమారు ఒక మైక్రోమీటరు. తరంగదైర్ఘ్యం ఈ దూరంతో పోల్చదగినదైనప్పుడు ఒక అణువు ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో వేరుచేయలేము. క్వాంటం ప్రవర్తన మొదలయ్యే చోటు అదే.

అక్కడి నుంచి అణువుల నడవడి వాటి జాతిని బట్టి మారుతుంది. ఢాకా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ 1924లో కాంతికణాల గణనకు కొత్త పద్ధతిని చూపాడు. ఐన్‌స్టీన్ దానిని జర్మన్ భాషలోకి అనువదించి ప్రచురింపజేసి, తరువాత పదార్థకణాలకు విస్తరించాడు. ఈ పద్ధతికి లోబడే కణాలు బోసాన్లు. తగినంత చల్లబరిస్తే అవి ఒకే క్వాంటం స్థితిలోకి గుమికూడతాయి. అదే బోస్–ఐన్‌స్టీన్ కండెన్సేట్. ఫెర్మియాన్లు దీనికి విరుద్ధం. ఒక స్థితిలో ఒక్క కణానికే చోటు ఉంటుంది.

ఒక అణువు ఏ జాతికి చెందుతుందో తెలుసుకోవడానికి దానిలోని ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్ల మొత్తం లెక్కిస్తే చాలు. సరిసంఖ్య అయితే బోసాన్, బేసిసంఖ్య అయితే ఫెర్మియాన్. పొటాషియం–40లో 59, రుబీడియం–87లో 124 కణాలున్నాయి. మొత్తం 183 కాబట్టి వాటి కలయికతో ఏర్పడే అణువు ఫెర్మియాన్. సోడియం–23లో 34, సీజియం–133లో 188 ఉన్నాయి. మొత్తం 222 కాబట్టి ఆ అణువు బోసాన్. రసాయన ధర్మాలలో దగ్గరి బంధువులైన ఈ రెండు అణువులూ నానోకెల్విన్ లోకంలో పూర్తిగా భిన్నంగా ప్రవర్తించడానికి కారణం ఈ ఒక్క లెక్కే.

5. అణువులను చల్లబరిచే మార్గాలు:

5.1 లేజర్ శీతలీకరణ – దాని పరిమితి:

పరమాణువుకు ఎదురుగా తగిన పౌనఃపున్యం గల లేజర్ కాంతిని ప్రసరింపజేస్తే, అది ఒక్కొక్క ఫోటాన్‌ను గ్రహించి విడుదల చేస్తూ వేగాన్ని కోల్పోతుంది. ఈ పద్ధతిని అభివృద్ధి చేసినందుకు స్టీవెన్ చూ, క్లోడ్ కోహెన్–తనూజీ, విలియం ఫిలిప్స్‌లకు 1997లో నోబెల్ బహుమతి లభించింది. ఫలితం కనబడాలంటే ఈ గ్రహణ–విడుదల చక్రం వేలసార్లు జరగాలి. ప్రతిసారీ పరమాణువు బయలుదేరిన స్థాయికే తిరిగిరావాలి. అణువుకు అది కష్టం. దానికి కంపన, భ్రమణ స్థాయిలు అనేకం ఉంటాయి. ఒకటి రెండు ఫోటాన్లను విడుదల చేసేసరికే వేరొక స్థాయిలోకి జారిపోయి, లేజర్‌కు అందకుండాపోతుంది. స్ట్రాన్షియం మోనోఫ్లోరైడ్ వంటి కొన్ని ప్రత్యేక అణువులలో ఈ జారుడు తక్కువ. యేల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డిమిల్ బృందం 2010లో ఆ అణువును లేజర్‌తో నేరుగా చల్లబరిచింది.

5.2 చల్లని పరమాణువులతో అణువులను కూర్చడం:

రెండవ మార్గం, ముందుగా రెండు మూలకాల పరమాణువులను విడివిడిగా చల్లబరచి, ఆ తరువాత జతచేయడం. అమెరికాలోని బౌల్డర్‌లో ఉన్న జైలా సంస్థలో డెబోరా జిన్, జున్ యె బృందాలు 2008లో ఈ పద్ధతిలో పొటాషియం–రుబీడియం అణువులను భూస్థాయిలో సాధించాయి. వాయువు ఉష్ణోగ్రత సుమారు 350 నానోకెల్విన్‌లు.

ఇందులో రెండు దశలున్నాయి. మొదట అయస్కాంత క్షేత్రాన్ని ఒక నిర్దిష్ట విలువ మీదుగా మెల్లగా మారిస్తే రెండు పరమాణువులు అతిబలహీనంగా జతకడతాయి. ఆ తరువాత రెండు లేజర్ల సమన్వయంతో ఆ బలహీన జంటను ఒక్క ఊపున అత్యంత దృఢమైన భూస్థాయికి దింపుతారు. ఈ రెండు స్థాయిల మధ్య శక్తిభేదాన్ని ఉష్ణోగ్రతగా మార్చి చెబితే సుమారు 6,000 కెల్విన్‌లు. అంతటి శక్తిలో ఏ కొంచెం వాయువులో మిగిలినా ప్రయోగం విఫలమయ్యేది. రెండు లేజర్ల ఫోటాన్ల మధ్య తేడాయే ఆ శక్తిని బయటికి మోసుకుపోవడం వల్ల అణువు ఏమాత్రం వేడెక్కదు.

6. నానోకెల్విన్‌లలో రసాయన చర్య:

సంప్రదాయ రసాయనశాస్త్రంలో చర్య జరగాలంటే అణువులు ఉత్తేజనశక్తి అనే గట్టును దాటాలి. వేడి తగ్గితే దాటగలిగేవి తగ్గుతాయి. కానీ రెండు పొటాషియం–రుబీడియం అణువులు కలిసి ఒక పొటాషియం జంటగా, ఒక రుబీడియం జంటగా మారడానికి అటువంటి గట్టు లేదు. అది ఉష్ణమోచక చర్య కూడా. విడుదలయ్యే శక్తి సుమారు 14 కెల్విన్‌లతో సమానం. నిత్యజీవితపు లెక్కలో ఇది అత్యల్పం. నానోకెల్విన్ వాయువుకు మాత్రం ఇది విస్ఫోటనమే. చర్య జరిపిన అణువులు బంధనాన్ని తెంచుకొని వెళ్లిపోతాయి.

ఇటువంటి చర్యలు నిజంగానే జరుగుతున్నాయని జైలా బృందం 2010లో ప్రకటించింది. ఆ పరిశోధనలో అత్యంత విలువైన అంశం చర్య జరిగిన తీరు. అణువులన్నీ ఒకే కేంద్రక స్పిన్ స్థితిలో ఉంటే అవి అభిన్నమైన ఫెర్మియాన్లు. అభిన్న ఫెర్మియాన్లు నేరుగా ఎదురెదురుగా ఢీకొనడానికి క్వాంటం నియమం అంగీకరించదు. కొంత కోణీయ ద్రవ్యవేగంతో మాత్రమే అవి దగ్గరవగలవు. ఆ భ్రమణం వల్ల వాటి మధ్య సుమారు 24 మైక్రోకెల్విన్‌ల ఎత్తైన అడ్డుగోడ ఏర్పడుతుంది. వాయువు ఉష్ణోగ్రత ఆ గోడ ఎత్తుతో పోలిస్తే చాలా తక్కువ. కాబట్టి అణువులు గోడను దాటలేవు, సొరంగ ప్రభావంతో గోడలో నుంచి అరుదుగా చొచ్చుకుపోగలవు. అందువల్ల చర్య నెమ్మదిగా సాగుతుంది.

కొన్ని అణువుల కేంద్రక స్పిన్‌ను మార్చగానే రెండు రకాల అణువుల మిశ్రమం ఏర్పడుతుంది. భిన్నమైన అణువులకు పై నిషేధం వర్తించదు, అడ్డుగోడా ఉండదు. చర్య వేగం 10 నుంచి 100 రెట్లు పెరిగింది. సాధారణ రసాయన చర్యల వేగాన్ని కేంద్రక స్పిన్ నిర్ణయించదు. అంత స్వల్పమైన శక్తి ఇక్కడ చర్య జరగాలా వద్దా అన్నదానిని శాసించడం క్వాంటం ప్రవర్తనకు తిరుగులేని సాక్ష్యం.

అదే ఏడాది వెలువడిన మరో ఫలితం ప్రకారం, విద్యుత్ క్షేత్రంతో ద్విధ్రువ భ్రామకాన్ని పెంచితే నష్టపు వేగం దాని ఆరవ ఘాతానికి అనుగుణంగా పెరిగింది. ద్విధ్రువం రెట్టింపైతే నష్టం 64 రెట్లు. ఏ గుణం కోసం ఈ అణువులను కోరుకున్నారో ఆ గుణమే వాటిని నశింపజేస్తున్నదని తేలింది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కాంగ్–క్వెన్ ని బృందం 2019లో ఈ చర్య మధ్యలో ఏర్పడే నాలుగు పరమాణువుల సంకీర్ణాన్ని నేరుగా గుర్తించింది. సాధారణ ఉష్ణోగ్రతలో కనురెప్పపాటుకు అందని ఆ దశ ఇక్కడ గుర్తించడానికి వీలైనంత సేపు నిలిచింది.

7. అభిఘాతం – అవసరమూ, ఆపదా:

వాయువును ఇంకా చల్లబరచడానికి వాడే చివరి పద్ధతి బాష్పీభవనం. మట్టికుండలోని నీరు చల్లబడే సూత్రమే ఇది. ఎక్కువ శక్తి గల అణువులు వెళ్లిపోతే మిగిలినవి చల్లబడతాయి. అయితే మిగిలిన అణువులు తరచూ ఢీకొంటూ శక్తిని తిరిగి పంచుకుంటేనే ఈ ప్రక్రియ కొనసాగుతుంది. పరమాణువుల విషయంలో అభిఘాతం శక్తిని పంచుతుంది. ధ్రువ అణువుల విషయంలో అదే అభిఘాతం వాటిని నాశనం చేస్తుంది. ఒక దశాబ్దానికి పైగా ఈ రంగాన్ని అడ్డగించిన చిక్కు ఇదే.

చర్య జరపని అణువులను ఎంచుకుంటే చాలునని మొదట భావించారు. సోడియం–పొటాషియం, రుబీడియం–సీజియం వంటి అణువులకు భూస్థాయిలో పరస్పర చర్య శక్తిపరంగా సాధ్యం కాదు. అయినా అవి కూడా దాదాపు అంతే వేగంగా మాయమయ్యాయి. ఢీకొన్న రెండు అణువులు కొంతసేపు అంటుకొని ఉంటాయనీ, ఆ సమయంలో బంధనపు లేజర్ కాంతి వాటిని నశింపజేస్తుందనీ ఒక వివరణ వచ్చింది. కొన్ని అణువులతో చేసిన ప్రయోగాలు దీనిని బలపరిచాయి. మరికొన్నింటిలో కాంతిని తొలగించినా నష్టం తగ్గలేదు. కాబట్టి ఆ వివరణ అన్ని అణువులకూ వర్తించేది కాదు.

దీనితో పరిశోధకుల దృష్టి అణువులను దగ్గరకు రానివ్వకపోవడంపైకి మళ్లింది. జైలా బృందం 2011లో అణువులను పలుచని పొరలుగా నిలిపి, ద్విధ్రువాలను పొరకు లంబంగా నిలబెట్టింది. పొరలో అణువులన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వికర్షించుకుంటాయి. చర్య మందగించింది. లేజర్ కాంతితో ఏర్పరచిన త్రిమితీయ జాలకంలో ఒక్కో గదికి ఒక్కో అణువును ఉంచినప్పుడు అవి 25 సెకన్ల వరకు నిలిచాయి. అటువంటి జాలకంలో 2013లో మరో విశేషం కనబడింది. అణువులు కదలకపోయినా వాటి భ్రమణశక్తి ఒక అణువు నుంచి మరొక అణువుకు మార్పిడి అయింది. ఘనపదార్థాలలో అయస్కాంతత్వానికి మూలమైన స్పిన్ మార్పిడికి ఇది నమూనా. 2019లో ఇదే బృందం పొటాషియం–రుబీడియం అణువులను ఫెర్మియాన్ల క్వాంటం స్థితికి చేర్చింది.

8. మైక్రోవేవ్ కవచం:

అణువు భ్రమణస్థాయిల మధ్య దూరానికి దగ్గరి పౌనఃపున్యం గల మైక్రోవేవ్‌ను వృత్తాకార ధ్రువణంతో ప్రసరింపజేస్తే, అణువుల ద్విధ్రువాలు ఆ క్షేత్రంతో పాటు తిరగడం మొదలుపెడతాయి. (కాంతికి చెప్పే ‘ధ్రువణం’ వేరు, అణువుకు చెప్పే ‘ధ్రువత్వం’ వేరు. మొదటిది క్షేత్రం ఊగే దిశ, రెండవది ఆవేశాల ఎడబాటు.) పౌనఃపున్యాన్ని సరిగా ఎంచుకుంటే, ఇలా తిరిగే రెండు అణువులు దగ్గరవుతున్నప్పుడు వాటి మొత్తం శక్తి పెరిగి వికర్షణ ఏర్పడుతుంది. రసాయన చర్య జరిగే దూరానికి చాలా ముందే అవి వెనుదిరుగుతాయి. ఢీకొంటాయి కానీ తాకవు. శక్తిని పంచుకుంటాయి కానీ నశించవు.

వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో నీటి అణువులను కదిలించి వేడిచేస్తుంది. దాదాపు అదే శ్రేణికి చెందిన తరంగాలు ఇక్కడ చల్లదనానికి తోడ్పడ్డాయి. ఇవి స్వయంగా చల్లబరచవు, బాష్పీభవనం నిరాటంకంగా సాగేటట్లు కాపలా కాస్తాయి.

జర్మనీలోని గార్హింగ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ క్వాంటం ఆప్టిక్స్ సంస్థ 2022లో ఈ కవచంతో సోడియం–పొటాషియం ఫెర్మియాన్ అణువులను 21 నానోకెల్విన్‌లకు చల్లబరిచింది. బోసాన్ల విషయంలో ఒక్క క్షేత్రం సరిపోలేదు. మూడేసి అణువులు కలిసినప్పుడు కలిగే నష్టం మిగిలింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ విల్ బృందం, నెదర్లాండ్స్‌కు చెందిన సిద్ధాంతవేత్త టైస్ కార్మన్ సహకారంతో, రేఖీయ ధ్రువణం గల రెండవ మైక్రోవేవ్ క్షేత్రాన్ని జోడించింది. ఆ రెండవ క్షేత్రం దూరం నుంచి లాగే ఆకర్షణను రద్దుచేసింది. సోడియం–సీజియం అణువుల వాయువు సుమారు 6 నానోకెల్విన్‌లకు చేరి బోస్–ఐన్‌స్టీన్ కండెన్సేట్‌గా మారింది. దాదాపు రెండు సెకన్లు నిలిచింది. 2024లో ప్రకటించిన ఈ ఫలితం ధ్రువ అణువుల తొలి కండెన్సేట్. రుబీడియం పరమాణువులతో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ తొలి పరమాణు కండెన్సేట్‌ను సాధించిన 1995కూ దీనికీ మధ్య 29 ఏళ్లు గడిచాయి.

9. ప్రయోజనాలు:

ఒక డిబై విద్యుత్ ద్విధ్రువాల మధ్య శక్తి, ఒక బోర్ మాగ్నెటాన్ అయస్కాంత ద్విధ్రువాల మధ్య శక్తికి సుమారు పదివేల రెట్లు. కాబట్టి ఘనపదార్థాలలో అనేక ఎలక్ట్రాన్ల సామూహిక ప్రవర్తనను అణువులతో పెద్ద కొలతలో అనుకరించి పరిశీలించవచ్చు. అణువు భ్రమణస్థాయిలను క్వాంటం కంప్యూటర్‌కు మూలాంశాలుగా వాడవచ్చని డిమిల్ 2002లోనే ప్రతిపాదించాడు. 2023లో ప్రిన్స్‌టన్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల బృందాలు విడివిడిగా, లేజర్ పట్టకార్లలో నిలిపిన కాల్షియం మోనోఫ్లోరైడ్ అణువుల మధ్య క్వాంటం అనుబంధాన్ని ఏర్పరచి చూపాయి.

10. ముగింపు:

పై పరిశీలన వలన తేలిన అంశాలు:

1. శీతలత చర్యను ఆపదు. వేడిమి తప్పుకున్న చోట చర్యను శాసించే అధికారం క్వాంటం నియమాలకు దక్కుతుంది. అణువు బోసానా, ఫెర్మియానా, దాని కేంద్రక స్పిన్ ఏది అన్నవి అక్కడ నిర్ణాయకాలు.

2. ధ్రువ అణువుల విలువకు కారణమైన బలమైన ద్విధ్రువ శక్తే వాటి నష్టానికీ కారణం. మైక్రోవేవ్ కవచం ఆ శక్తిని అణచకుండా, దాని దిశనూ దూరాన్నీ మలచి రక్షణగా మార్చింది.

3. చర్య జరపని అణువులు సైతం ఎందుకు నశిస్తున్నాయన్న ప్రశ్నకు అన్ని అణువులకూ వర్తించే సమాధానం ఇంకా రావలసి ఉంది. కవచం ఆ ప్రశ్నను తప్పించుకున్నది కానీ తీర్చలేదు.

4. తెలుగులో ఈ శాస్త్రాన్ని బోధించడానికి పరిభాష కొరత పెద్ద అడ్డంకి కాదు. అణువు–పరమాణువు, ధ్రువత్వం–ధ్రువణం వంటి ఉన్న పదాల మధ్య హద్దులను కచ్చితంగా పాటించడమే అవసరం. ఈ హద్దులు చెరిగితే వాక్యం సరళంగా కనిపించినా విషయం తప్పుతుంది.